మూడు దెబ్బలు కొట్టి వినాలి

విరిగిన స్టడ్ తీయడానికి బలం కాదు, చెవి కావాలి. ఈ మాట నేను ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను, ఎవరూ వినరు. ముందు తమ కండల మీద నమ్మకంతో పెద్ద పానా వేసి లాగుతారు, కనబడుతున్న ముక్కను కూడా తెంపుతారు, ఆ తర్వాత గోనెసంచిలో ఇంజన్ హెడ్డు వేసుకుని నా షెడ్డు ముందు దిగుతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే జనం.

తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెబుతాను. ఇంజన్ హెడ్డుకు పొగగొట్టాన్ని పట్టి ఉంచే వేలెడంత ఇనుప కడ్డీని స్టడ్ అంటారు. దానికి రెండు కొసలా మరలుంటాయి. ఒక కొస హెడ్డులోకి పోతుంది, రెండో కొసకు నట్టు బిగిస్తారు. ఏళ్ల తరబడి ఎర్రగా కాలి, చల్లారి, తుప్పు పట్టి, ఒకరోజు పుటుక్కుమంటుంది. సగం బయటికొస్తుంది, సగం లోపలే ఉండిపోతుంది. ఆ లోపలి సగం కోసమే జహీరాబాద్ చుట్టుపక్కల ఎవరైనా నా దగ్గరికి రావాలి. నన్ను స్టడ్ సంగప్ప అంటారట. నా ముందు అనరు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరికీ తెలుసు.

నా పద్ధతి ఒకటే. సన్న సుత్తెతో మూడు దెబ్బలు కొట్టాలి, ఆగాలి, వినాలి. ఇనుము మొద్దుగా పలికితే తుప్పు ఇంకా పట్టుకునే ఉందని అర్థం. ఖంగుమంటే వదులుతోందని అర్థం. మళ్లీ మూడు, మళ్లీ ఆగడం. ఇందులో తొందర పడ్డవాడు చెడ్డాడు. ఈ పద్ధతిని నేను చాలామందికి నేర్పాను. వాళ్లలో చెన్నబసప్ప ఒకడు. అతను మిస్త్రీ కాదు, రైతు. ఝరాసంగం దిక్కు చెరకు, అల్లం వేసేవాడు. నాకు దోస్తు. తన ఇంజన్ తానే చూసుకోవాలని సరదా పడి నేర్చుకున్నాడు. అతను పోయి పదకొండేళ్లయింది.

గురువారం పొద్దున ఒక ట్రాలీ ఆటో వచ్చి షెడ్డు ముందు ఆగింది. జీన్స్ ప్యాంటు వేసుకున్న పిల్ల ఒకతె దిగి, ఆటో అతనితో కలిసి రెండు సిలిండర్ల పాత హెడ్డును మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. పక్కనే ఒక గోనెసంచి దించింది.

"సంగప్ప కాకా, గుర్తు వట్టినవా?"

ఆ నుదురు చూశాక గుర్తుపట్టకపోవడం ఎలా? "చెన్నబసప్ప బిడ్డవు. కావ్యవు గదా" అన్నాను. అతను పోయిననాడు దీనికి పన్నెండేళ్లు.

"గానుగ పెడ్తున్న కాకా. రోడ్డు మీద మంచి బెల్లానికి మస్తు గిరాకుంది. కరెంటు మోటరు పెట్టుకో అన్నరు గని, మీ నాయిన ఇంజన్ ఉండంగ మోటరెందుకని అమ్మ మొండికేసింది. పోయిన నెల బావిలకెళ్లి తీయించినం. తీసెటోళ్లు గొలుసు పొగగొట్టానికి ఏసి గుంజిన్రు. నాలుగు స్టడ్లూ విరిగినయ్."

"గొలుసు పొగగొట్టానికి ఏస్తరా ఎవరన్న? ఎవడా గాడిద?"

"వానిని నేను తిట్టిన తియ్యి. నువ్వు పని చూడు." నా కోపాన్ని ఖాతరు చేయని పిల్ల. వాళ్ల నాయన కూడా అంతే. "అమ్మ ఒక్కటే మాట చెప్పింది కాకా. సంగప్ప తోనే తీయించు, ఇంకో మనిషిని చెయ్యి వెట్టనీయకు అన్నది."

నా చేయి హెడ్డు మీదే ఉంది. బయట ఎండ కాస్తోంది, అయినా ఆ ఇనుము బావి నీళ్లలా చల్లగా ఉంది. అప్పుడే తీసుకొచ్చారు కదా, ట్రాలీలో గాలి తగిలిందేమో అనుకున్నాను.

కావ్య స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇంకొకటి అడగాలె కాకా. సోమారం అమ్మను హైదరాబాద్ తీస్కపోతున్న. బీదర్ల ఉన్న మా మామ, మతి డాక్టరుతోని మాట్లాడిండు. రెండు నెలలు దవాఖానలనే ఉంచుకుంటరట."

ఎందుకని అడగనక్కర్లేదు. అయినా అడిగాను.

"నీకు ఎరుకలేదా? ఆయన కొట్టిండు, నేను విన్న అంటది. పదకొండేండ్ల సంది అదే మాట. పొద్దు నెత్తి మీదికి రాంగనే పోయి బావి కాడ కూసుంటది. పోయిన వారం తిండి తినుడు గూడ బంద్ వెట్టింది. ఊళ్లె పిల్లలు గూడ నవ్వుతున్రు కాకా." స్టూలు ముందుకు జరుపుకుంది. "డాక్టరు నన్ను అడిగిండు. ఆమె చెప్పేది జరిగిందా, లేకుంటె ఆమె మనసులనే ఉన్నదా అని. నేను చిన్నదాన్ని, బడికి పోయిన. ఆ రోజు బావి మీద నువ్వే ఉన్నవ్. నువ్వు విన్నవా?"

"లేదు బిడ్డా" అన్నాను. "మనిషి దిగినంక ఏ చప్పుడూ లేదు."

"గదే చెప్త మరి" అని లేచి వెళ్లిపోయింది.

అబద్ధం. మొదటిసారి కూడా కాదు. ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్క లేదు. నాలుక దానంతటదే తిరిగే స్థాయికి వచ్చింది.

జరిగింది ఇది. చెన్నబసప్ప బావి లోతైనది. ఇంజన్‌ను బావి లోపల సగం లోతులో రాతి అరుగు మీద పెట్టేవాళ్లు, పై నుంచి నీళ్లు గుంజదు కాబట్టి. ఆ రోజు పొద్దుటి నుంచి నడిచి నడిచి మధ్యాహ్నానికి ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. నేను పైనే ఉన్నాను. పొగగొట్టం జాయింటు దగ్గర లీకవుతోందని ముందే కనిపెట్టాను. "నట్లు ఊడదియ్యి బసప్పా, నేను ఛాయ్ తాగి దిగుత" అన్నాను. అతను మెట్లు దిగాడు. లీకైన పొగంతా బావిలోనే నిండి ఉందని, అది కంటికి కనబడదని, ముక్కుకు ఆనదని, ముందు కాళ్లను, తర్వాత గొంతును పట్టేస్తుందని ఇద్దరికీ తట్టలేదు. నాకు తట్టి ఉండాల్సింది. మిస్త్రీని నేను.

కాసేపటికి కింద నుంచి చప్పుడు మొదలైంది. టంగ్, టంగ్, టంగ్. ఆగింది. మళ్లీ మూడు. మళ్లీ ఆగింది.

అతని భార్య కమలమ్మ ఛాయ్ తెచ్చింది. గ్లాసు నా చేతికిచ్చి బావి వైపు చూస్తూ "ఎందుకట్ల కొడుతున్నడు?" అనడిగింది. నేను నవ్వాను. "పని నడుస్తుంది వదినా. నేను నేర్పిన తీరే కొడుతున్నడు సూడు, మూడు కొట్టి ఆగుతున్నడు. ఫికర్ జేయకు, నువ్వు పోయి అన్నం వండు" అన్నాను. ఆమె నా మాట నమ్మి వెళ్లింది. ఇంజన్ సంగతి మిస్త్రీకి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

గొంతు పోయిన మనిషి పిలుస్తున్నాడని, నేను పైన చెవి పెట్టి ఉంటానని నమ్మి, నాకు తెలిసిన భాషలోనే పిలుస్తున్నాడని, నేను తొంగి చూసేదాకా నాకు తెలియలేదు.

పోలీసులొచ్చినప్పుడు, ఊరి పెద్దలు కూర్చున్నప్పుడు, చప్పుడేమైనా విన్నావా అని నన్ను అడిగారు. విన్నానంటే, వింటే ఎందుకు చూడలేదంటారు. లేదన్నాను. కమలమ్మ అందరి ముందూ "విన్నడు, నేను సంగప్పనే అడిగిన" అని అరిచింది. దుఃఖంలో ఉంది పాపం అన్నాను నేను. ఆ ఒక్క ముక్కతో ఆమె పిచ్చిదైపోయింది. నాకేమో గిరాకీ పెరిగింది.

కావ్య వెళ్లాక పనిలో పడ్డాను. పని చేస్తే మనసు కుదుటపడుతుందని నా నమ్మకం. మసి గీకి, విరిగిన నాలుగు కొసలనూ వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, సుత్తె తీసుకున్నాను. మొదటి దాని మీద మూడు దెబ్బలు కొట్టి, ఆగి, చెవి దగ్గర పెట్టాను.

లోపలి నుంచి మూడు దెబ్బలు వచ్చాయి.

మోత అనుకున్నాను. హెడ్డులో గొందులుంటాయి, శబ్దం తిరిగొస్తుంది. కానీ మోత వెంటనే వస్తుంది. ఇవి నేను ఊపిరి పీల్చి వదిలాక వచ్చాయి. పైగా నేను కొట్టినంత గట్టిగా లేవు. అలసిన చేతివిలా ఉన్నాయి.

మా షెడ్డుకు ఆనుకుని వెల్డింగ్ నాగరాజ్ కొట్టుంది. మధ్య రేకు గోడే. కుర్రతనం పోయి పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టినా నోరు మాత్రం మూతపడని మనిషి. వాణ్ణి పిలిచి హెడ్డు మీద చెవి పెట్టమన్నాను. పెట్టాడు.

"టిక్కుటిక్కుమంటుంది కాకా. ఇనుము చల్లారుతుంది, అంతే" అన్నాడు.

"నేను వేడే చెయ్యలేదురా."

"ఎండకు కాగింది గావచ్చు" అని తన పనికి పోయాడు. వాడు చెప్పింది సబబుగానే ఉంది. కానీ నేను అరచెయ్యి పెట్టి చూశాను. పొద్దున ఎంత చల్లగా ఉందో అంతే చల్లగా ఉంది.

నాలుగు కొసల చుట్టూ డీజిల్ పోసి, గోనెపట్టా కప్పి, ఆ రోజుకు షెడ్డు మూసేశాను. నిజం చెప్పాలంటే పారిపోయాను.

శుక్రవారం నాగరాజ్ చేత విరిగిన కొసల మీద నట్లు వెల్డింగ్ చేయించాను. వెల్డింగ్ వేడికి స్టడ్ ఉబ్బి, చల్లారాక కుదించుకుని, తుప్పును వదిలేస్తుంది. అప్పుడు కొవ్వొత్తి మైనం కరిగించి అంచున పోస్తే మరల్లోకి తనే దిగుతుంది. ఆ తర్వాత పానా పెట్టి కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి, పిల్లను నిద్ర పుచ్చినట్టు తిప్పాలి. మామూలుగా ఒక్కొక్కదానికి గంట పడుతుంది. పదకొండేళ్లు బావి తేమలో ఉన్నదానికి ఇంకా ఎక్కువ పట్టాలి.

మొదటిది పానా పెట్టగానే తిరిగింది. రెండోది, మూడోది కూడా. లోపలి నుంచి ఎవరో తోస్తున్నట్టు వచ్చాయి. చేతికి భారమే తెలియలేదు. పని సులువైతే సంతోషించాలి కదా. నేను మాత్రం పానా కింద పెట్టేశాను. మూడో స్టడ్ వచ్చిన రంధ్రంలోంచి ఒక వాసన వచ్చింది. తుప్పు వాసన కాదు, మైనం వాసన కాదు. అప్పుడే ఆగిన ఇంజన్ వదిలే వేడి పొగ వాసన.

కొత్త స్టడ్ల కొలత కోసం గోనెసంచి విప్పాను. అందులో పొగగొట్టం మూతి ఉంది, విరిగిన బయటి ముక్కలకు నాలుగు నట్లూ ఇంకా బిగిసే ఉన్నాయి. వాటిని చేతిలోకి తీసుకుని వెలుతురులోకి పట్టుకున్నాను. ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూశాను.

మిస్త్రీ కానివాడికి అందులో ఏమీ కనబడదు. నట్టు మీద పానా వేస్తే మూలలు అరుగుతాయి. సుత్తె పడితే నునుపు తేలుతుంది, గుర్తు పోదు. ఈ నాలుగు నట్ల మూలలూ కొత్తవాటిలా పదునుగా ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఒక్క దెబ్బ పడలేదు.

ఇన్నేళ్లూ నాకు నేను ఒక మాట చెప్పుకుంటూ వచ్చాను. చివరిదాకా అతను నట్లతోనే కుస్తీ పట్టాడని, పనిలోనే ఉండి హాయిగా కన్నుమూశాడని, నేను విన్నది పని చప్పుడేనని. తొంగి చూసిన క్షణంలో తెలిసిన నిజాన్ని ఆ మాటతో కప్పిపెట్టాను. ఆ మాట ఒడిలో తల పెట్టుకునే పడుకున్నాను ఇన్నాళ్లూ.

మరి కొట్టింది దేన్ని? హెడ్డును తిప్పి చూశాను. అడుగు అంచున ఒక మూల ఉంది. అరుగు మీద ఇంజన్ ఉన్నప్పుడు నిలబడ్డ మనిషి చేయి అక్కడికి పోదు. పోత ఇనుము మూల కాబట్టి పగులుతుందని బుద్ధున్న మిస్త్రీ ఎవడూ అక్కడ కొట్టడు. కింద పడిపోయిన మనిషికి మాత్రమే అది అందుతుంది. ఆ మూలంతా రూపాయి బిళ్లంత మేర గుంటలు పడి ఉంది. ఒకదాని మీద ఒకటి, లెక్కపెట్టలేనన్ని.

ఆ రోజు ఇంటికి పోయాక కావ్యకు ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి రెండుసార్లు పెట్టేశాను. ఇప్పుడు చెబితే ఏమవుతుంది? మనిషి తిరిగొస్తాడా? ఆ పిల్ల నా ముఖాన ఉమ్మేస్తుంది. ఊరు ఉమ్మేస్తుంది. ఇంకో రెండు రోజులు గడిస్తే ఆమె హైదరాబాద్ పోతుంది, డాక్టర్లు చూసుకుంటారు. ఇలా నాతో నేనే బేరమాడుకున్నాను. పిరికితనం ఎంత తీయగా మాట్లాడుతుందో నాకు ఆ రోజు తెలిసింది.

శనివారం పొద్దున నాలుగో స్టడ్ దగ్గర కూర్చున్నాను. మిగిలిన మూడూ దారి ఇచ్చాయి, ఇది కదల్లేదు. మళ్లీ వేడి చేశాను, మైనం పోశాను. పానా జారింది. వెల్డింగ్ చేసిన నట్టు విరిగి చేతికొచ్చింది. పదకొండు దాటింది. రోడ్డు మీద చిరాగ్‌పల్లి వైపు లారీలు వరసగా పోతున్నాయి. షెడ్డుకు ముందు తలుపే లేదు, మూడు వైపులా గాలి ఆడుతుంది. ఎండ నా పాదాల దాకా పడుతోంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది అలాంటి చోట జరగడానికి వీల్లేదు.

మళ్లీ ఆ పొగ వాసన వచ్చింది. ముందు తల దిమ్మెక్కింది. నీళ్లు తాగుదామని లేవబోతే మోకాళ్లు నావి కానట్టు ముడుచుకుపోయాయి. బల్ల అంచు పట్టుకోబోయి హెడ్డుతో సహా కింద పడ్డాను. దెబ్బ తగల్లేదు. కానీ ఒళ్లంతా తడి ఇసుక నింపిన సంచిలా అయింది. నాగరాజ్‌ను పిలుద్దామని నోరు తెరిచాను. నాలుక కదిలింది, గొంతు కదల్లేదు. కళ్లకు అన్నీ కనబడుతున్నాయి. రేకు గోడ సందులోంచి వాడి చెప్పులు కూడా కనబడుతున్నాయి, ఆరు అడుగుల దూరంలో.

సుత్తె నా చేతిలోనే ఉంది. హెడ్డు నా ముఖం పక్కనే పడి ఉంది. చేయి ఎత్తగలిగినంత ఎత్తి కొట్టాను. టంగ్, టంగ్, టంగ్. ఇంక ఓపిక లేక ఆగాను.

"ఆఁ, గట్లనే కొట్టు కాకా, వస్తది!" అని రేకు అవతలి నుంచి నాగరాజ్ అరిచాడు.

మళ్లీ మూడు కొట్టాను. చేయి పడిపోయింది, ఆగాను. ఒరేయ్, పని కాదురా, నేనురా అని లోపల ఏడుస్తున్నాను. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. మూడు కొట్టి ఆగడం పద్ధతి కాదని, చచ్చేవాడి చేతికి మూడు కంటే ఎక్కువ కొట్టే బలం ఉండదని నాకు అప్పుడు అర్థమైంది.

"స్టడ్ సంగప్ప చెయ్యి వడ్డంక రాకుంట ఏడికి పోతది!" వాడు నవ్వుతున్నాడు. వెల్డింగ్ చిటపటలు వినబడుతున్నాయి. మళ్లీ కొట్టాను. వాడు ఏదో పాట అందుకున్నాడు. నా మీద నాకు జాలి కలగలేదు. చెన్నబసప్ప మీద, జీవితంలో మొదటిసారి, ఏ సర్దుబాటూ లేకుండా గుండె పగిలేంత జాలి కలిగింది.

ఎంతసేపైందో. వాడికి వెల్డింగ్ కడ్డీలు అయిపోయాయో ఏమో, చేతులు తుడుచుకుంటూ మా వైపొచ్చాడు. "అరె, కింద కూసొని చేస్తున్నవేంది కాకా?" అంటూ నా ముఖం చూసి, ఒక్క ఉదుటున చంకల కింద చేతులేసి లేపి, రోడ్డు పక్కకు ఈడ్చుకొచ్చాడు. నీళ్లు తాగించాడు. నెమ్మదిగా కాళ్లలోకి ప్రాణమొచ్చింది.

"పొగ వాసన వస్తలేదారా?"

"ఏం పొగ? ఏం లేదు. నీకు బీపీ లేసినట్టుంది, దవాఖానకు పోదాం పా."

"నేను కొడుతుంటే రాలేదేంరా?"

"పని చేస్తున్నవనుకున్న" అన్నాడు వాడు, అమాయకంగా.

వాణ్ణి ఏ ముఖం పెట్టుకుని తిడతాను?

లోపలికొచ్చి హెడ్డును బల్ల మీదికి ఎత్తాం. నేను కొట్టిన దెబ్బల కోసం చూశాను. ఆ పాత మూల మీదే పడి ఉన్నాయి. ఏవి పాతవో, ఏవి ఇప్పటివో నాకే తేలలేదు. నాగరాజ్ కింద నుంచి ఏదో తీసి చేతిలో పెట్టాడు. నాలుగో స్టడ్. మరలు ఒక్కటీ చెడకుండా, శుభ్రంగా, వెచ్చగా ఉంది.

"ఎట్ల దీసినవే దీన్ని?" అని వాడు ఆశ్చర్యపోయాడు. నేను తీయలేదని చెప్పలేదు.

దవాఖానకు పోలేదు. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, ఆ నాలుగు పాత నట్లూ జేబులో వేసుకుని షేర్ ఆటో ఎక్కాను. ఝరాసంగం దాటి వాళ్ల ఊరి దారిలో దిగి, చెరకు తోటల మధ్య నడిచాను. పదకొండేళ్లలో ఆ దారిన కాలు పెట్టలేదు. కాళ్లు వెనక్కి లాగుతూనే ఉన్నాయి. ఆగితే మళ్లీ బేరం మొదలవుతుందని ఆగకుండా నడిచాను.

కమలమ్మ బావి గట్టు మీద కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది. పక్కన కావ్య అన్నం గిన్నె పట్టుకుని బతిమాలుతోంది. నన్ను చూసి లేచి, "పనైందా కాకా? నేనే వస్తుంటి గద, నువ్వెందుకొచ్చినవ్?" అంది.

నేను గట్టు కింద, నేల మీద కూర్చున్నాను.

"వదినా, ఆ రోజు నేను విన్న. ఆయన కొట్టిండు. నువ్వు నన్ను అడిగినవ్, నేను పని నడుస్తుందన్న. అందరి ముంగట అబద్ధం చెప్పిన. నీకు పిచ్చి లేదు." నట్లు తీసి గట్టు మీద పెట్టాను. "వీటిని ఆయన ముట్టలేదు. ఆయన నన్నే పిలిచిండు."

కావ్య గిన్నె కింద పెట్టేసింది. "మొన్న నా ముఖం జూసుకుంటనే లేదన్నవ్ గద కాకా" అంది. ఆ తర్వాత గొంతు పెరిగింది. "పదకొండేండ్లు మా అమ్మను పిచ్చిదన్నరు! నేను గూడ అన్న! నా చేతులతోని తీస్కపోయి దవాఖానల ఏసొద్దామనుకున్న!" కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను కూడా. కొట్టలేదు. ఏడుస్తూనే ఫోన్ తీసి, అక్కడే నిలబడి, "మామా, సోమారం మేం వస్తలేం. అమ్మకేం కాలేదు" అని చెప్పి పెట్టేసింది. తల్లి పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకుంది.

కమలమ్మ మాత్రం ఏడవలేదు. నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం కూడా లేదు. ఎన్నాళ్లుగానో ఒక మాట అడగాలని దాచుకున్న మనిషిలా ఉంది.

"నేను ఛాయ్ ఇచ్చి ఇంటికి పోయిన" అంది. "గంత వరకే నాకు ఎరుక. ఆ తర్వాత ఎంతసేపు కొట్టిండు సంగప్పా?"

"నువ్వు పోయినంక నేను రెండు బీడీలు తాగిన. రెండోది సగముండంగ ఆగింది."

ఆమె తల ఊపింది. "ఆగితె నువ్వేమనుకున్నవ్?"

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. పెళ్లానికి చెప్పలేదు, దేవుడి ముందు కూడా చెప్పుకోలేదు. ఇక్కడ ఒక్క చిన్న అబద్ధం ఆడితే ఆమెకే మంచిదని కూడా అనిపించింది. కానీ ఆమె ముఖం చూశాక ఆడలేకపోయాను.

"నట్టు ఊడిందనుకున్న వదినా. శభాష్ బసప్పా అని పై నుంచి కేకేసిన."

ఆమె బావిలోకి వంగి చూసింది. లోపల పచ్చటి నీళ్లు, ఇంజన్ లేని ఖాళీ అరుగు.

"గట్టిగ అన్నవా?"

"గట్టిగనే అన్న."

"అయితే ఆయనకు వినబడే ఉంటది" అంది కమలమ్మ.